గోడ పట్టినవాళ్ళు

ఆశ్వయుజం 2

పరిమళకి కూడా గోడ పట్టింది. ఈ ఏడాది ఆమెతో కలిపి ఆరుగురు.

పొద్దున వాళ్ళమ్మ మందుల గదికి పరుగెత్తుకొచ్చింది. నేనప్పుడు వాన నీళ్ళు వడపోసి కాస్తున్నాను. పొయ్యి ఆపి, పెట్టె తీసుకుని వెళ్ళాను. పరిమళ వంటింట్లో నిలబడి ఉంది. గంజి గిన్నె చేతిలోంచి జారి కుడి పాదం మీద బోర్లా పడింది. పాదమంతా ఎర్రగా పొంగింది. ముఖంలో మాత్రం నొప్పి లేదు. నన్ను చూసి నవ్వింది.

"ఇందక్కా, ముప్పయ్యో పలక అడుగున నాచు పట్టిందే. ఒకటే దురద. గీకించమని చెప్పవా?"

సముద్రపు గోడని ఒంటికి కలిపే టోపీ పెట్టుకుని కావలి గదిలో కూర్చున్నప్పుడు చెప్పాల్సిన మాట అది. ఆమె టోపీ తీసి పదహారు గంటలయింది.

గోడ సూపర్వైజరు మల్లేశ్వరరావు గారు ఈతగాణ్ణి దించి చూపించారు. ముప్పయ్యో పలక అడుగున జానెడు మందాన నాచు ఉంది. నిన్నటి వంతులోనే ఆమె ఒంటికి తెలిసి ఉంటుందని, నోటికి ఇవాళ వచ్చిందని డాక్టరమ్మ అన్నారు. అయ్యుండొచ్చు.

మధ్యాహ్నం పరిమళని వార్డులో ఆరో మంచం మీద పడుకోబెట్టాను. మొదట ఆమె ఊపిరి వేరుగానే ఉంది. నేను పాదానికి కట్టు కట్టి లేచేసరికి మిగతా ఐదుగురి ఊపిరితో కలిసిపోయింది. ఆరుగురూ ఒకేసారి పీల్చుకుంటున్నారు, ఒకేసారి వదులుతున్నారు. కిటికీ అవతల గోడకి అల కొట్టుకున్న ప్రతిసారీ వదులుతున్నారు.

పరిమళకి ఇరవై ఆరేళ్ళు. టోపీ పెట్టుకోవడం మొదలుపెట్టి నాలుగేళ్ళే.

ఆశ్వయుజం 4

పొద్దున ఇరవై ఏడు మందికి బీపీ చూశాను. టోపీ అంచు ఒరుసుకుని నెత్తి మీద పుండ్లు పడ్డవాళ్ళకి కొబ్బరినూనెలో మందు కలిపి రాశాను. అక్క చివర్న వచ్చింది. నూరు బై అరవై నాలుగు. ఎప్పుడూ అంతే, తక్కువే.

"పరిమళ ఏమైనా తిందా?" అని అడిగింది.

"నోట్లో పెడితే మింగుతోంది."

అక్క బీపీ పట్టీ విప్పుకుని వంతుకి వెళ్ళిపోయింది.

మా అక్క సుభాషిణి పదకొండేళ్ళుగా కావలి కాస్తోంది. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై, ఈ మూడు పలకలూ ఆమెవి. టోపీ పెట్టుకుంటే ఆ మూడు పలకలూ ఆమెకి వీపూ భుజాలూ అయిపోతాయి. ఎక్కడ నీరు ఊరుతోందో, ఎక్కడ సిమెంటు గుల్లబారుతోందో ఒంటి మీద చీమ పాకినట్టు తెలుస్తుంది. మీటర్లు ఉన్నాయి. కాని అవి పగులు వచ్చాక చెబుతాయి. కావలివాళ్ళు రెండు రోజుల ముందే చెబుతారు. మా ఊరు సముద్రానికి నాలుగు మీటర్ల దిగువన ఉంది. తొమ్మిది వేల మందిమి ఆ రెండు రోజుల మీదే బతుకుతున్నాం.

ఆశ్వయుజం 5

డాక్టర్ మెహరున్నీసా గారు ఇవాళ నన్ను లోపలి గదికి పిలిచారు. టోపీ కుదర్చడానికి ముందు ప్రతి కావలి మనిషి చర్మం నుంచి చిటికెడు తీసి, దాన్ని నరాల కణాలుగా పెంచుతారు. గాజు పళ్ళేల్లో, వెచ్చని పెట్టెలో. ముందు ఆ కణాలకి గోడ సంకేతం వినిపించి, అవి తట్టుకుంటేనే మనిషికి టోపీ పెడతారు. ముప్పై మూడు పళ్ళేలు, ఒక్కోదాని మీద ఒక్కో పేరు.

పరిమళ పళ్ళేన్ని తెర మీద చూపించారు. కణాలు మిణుకుమిణుకుమంటున్నాయి. ఒకటి తర్వాత ఒకటి కాదు, అన్నీ ఒకేసారి. ఆగి, మళ్ళీ ఒకేసారి.

"ఈ పళ్ళేనికి గోడ సంకేతం ఆపి నాలుగేళ్ళయింది ఇందూ," అన్నారు డాక్టరమ్మ. "అయినా ఇంకా అలతోనే కొట్టుకుంటున్నాయి."

ఆమె తాపీగా చెప్పుకుపోయారు. ఒక నరం పక్క నరానికి కబురు చెప్పాలంటే గ్లూటమేట్ అనే రసాన్ని వదులుతుంది. అది లేకపోతే మనకి మాట లేదు, జ్ఞాపకం లేదు. కాని గోడ ఆపకుండా మాట్లాడుతుంది. రోజుకి ఎనిమిది గంటలు, ఏళ్ళ తరబడి. ఆ రసం పేరుకుపోతుంది. ఎక్కువైతే కణం తలుపులు తెరుచుకుని ఉండిపోతాయి, లోపలికి కాల్షియం వరదలా వచ్చేస్తుంది, కణం చచ్చిపోతుంది. ఒళ్ళు తెలిసే కణాలు ముందు పోతున్నాయి. గోడకి అలవాటుపడ్డవి మిగులుతున్నాయి.

"అంటే వాళ్ళ తలలో ఇంక గోడే ఉందా?"

ఆమె లేచి తెర ఆర్పేశారు.

ఆశ్వయుజం 8

అక్క ఉల్లిపాయలు తరుగుతోంది. నేను ఎదురుగా కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. పీట మీద ఉల్లిపాయ ముక్కలు ఎర్రబడ్డాయి. అక్క ఎడమ చేతి చూపుడు వేలు ఎముక కనబడేంతగా తెగింది. కత్తి ఆగలేదు.

"అక్కా!"

తలెత్తి చూసింది. నా చూపు వెంట తన చూపు పోనిచ్చి వేలు చూసుకుంది. గబుక్కున చీర కొంగు చుట్టేసింది.

"కత్తి కొత్తది గదా, తెలీలేదు," అంది.

ఆ కత్తి అమ్మ వాడినది.

నేను కట్టు కట్టాను. చివరికి అక్కే అంది. "ఎవరికీ చెప్పమాకే. డాక్టరమ్మకి అసలే చెప్పొద్దు. నన్ను దించేస్తే ఆ మూడు పలకలు ఎవరు చూస్తారు? తుపాన్ల కాలం."

"ఎన్నాళ్ళ నుంచి?"

"వినాయక చవితి నుంచి. ఎడం చెయ్యి ఒకటేలే. చెయ్యి ఉందనే తెలుస్తంది గానీ, అది నాది కానట్టు ఉంటది. తడిగా, బరువుగా ఉంటది."

ఆశ్వయుజం 10

నాంచారయ్య బాబాయి మందు తీసుకోవడానికి వచ్చాడు. ఆయనకి అరవై ఒకటి. పందొమ్మిదేళ్ళుగా టోపీ పెడుతున్నాడు. అందరికంటే పాత కావలి మనిషి. బల్ల మీద కూర్చుని చెయ్యి చాపి, నేను బీపీ పట్టీ బిగిస్తుంటే "అబ్బా, మెల్లగా అమ్మాయ్, నొప్పి," అన్నాడు.

నా చేతులు ఆగిపోయాయి. పందొమ్మిదేళ్ళు గోడ మోసిన మనిషికి పట్టీ బిగిస్తే నొప్పి తెలుస్తోంది. నాలుగేళ్ళ పరిమళకి మరిగే గంజి తెలియలేదు.

ఆయన వెళ్ళాక తలుపు వేసుకుని ముప్పై మూడు మంది కాగితాలూ ముందేసుకున్నాను. ఎక్కువ ఏళ్ళు పెట్టుకున్నవాళ్ళకి ముందు రావాలి. రాలేదు. యాభై దాటినవాళ్ళు ఐదుగురున్నారు, ఒక్కరికీ లేదు. నీళ్ళలో తేడానా? అందరూ ఒకే నీళ్ళు తాగుతారు. తిండా? ఒకే గోదాము బియ్యం. ఆఖరికి మందుల వరుస చూశాను. ఆ ఐదుగురికీ బీపీ ఉంది. ఐదుగురూ రోజూ సార్టాన్ మాత్ర వేసుకుంటున్నారు.

బీపీ ఉండటమే కాపాడుతోందా అనుకున్నాను. కాదు. బీపీ ఉన్నవాళ్ళు ఇంకా ఇద్దరున్నారు. వాళ్ళది వేరే మందు, ఒంట్లో నీరు తీసేసే మాత్ర. ఆ ఇద్దరిలో ఒకతను వార్డులో మూడో మంచం మీద ఉన్నాడు.

కాగితాలు పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆమె రెండుసార్లు చదివారు. అన్నం తింటున్న చెయ్యి కడుక్కోకుండానే లేచి లోపలి గదికి వెళ్ళారు.

ఆశ్వయుజం 13

మూడు రోజులు నేనూ డాక్టరమ్మా పళ్ళేలతోనే గడిపాం. ఒక్కొక్కరి కణాలని రెండు పళ్ళేల్లోకి విడదీశాం. ఒకదాంట్లో సార్టాన్ వేశాం, రెండోదాంట్లో వెయ్యలేదు. తర్వాత రెంటిలోనూ గ్లూటమేట్ పోశాం, ఎనిమిదేళ్ళ కావలికి సరిపడా ఒక్క రోజులో.

మందు లేని పళ్ళేల్లో కణాలు ముందు వెలిగాయి. దీపావళి మతాబుల్లా. ఆ తర్వాత పళ్ళెం పళ్ళెం చీకటైపోయింది. మందు వేసిన వాటిలో పది కణాలకి ఏడు మిగిలాయి.

అక్క పేరున్న పళ్ళేలు నేను చూశాను. రెండూ పక్కపక్కనే.

"మందు గ్లూటమేట్‌ని ఆపడం లేదు," అన్నారు డాక్టరమ్మ. "అది వచ్చాక కణం లోపల రేగే మంటని ఆపుతోంది. రక్తనాళాలకి చెప్పినట్టే నరాలకీ నెమ్మదించమని చెబుతోంది. కాని చచ్చినవాటిని తేలేదు ఇందూ. ఆ ఆరుగుర్నీ తేలేదు."

ఇద్దరం కలిసి మల్లేశ్వరరావు గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన చెడ్డ మనిషి కాదు. అంతా విన్నారు.

"మేడం, బీపీ లేనోళ్ళకి బీపీ మాత్ర ఇస్తే ఏమవుద్ది?"

"బీపీ పడిపోతుంది. కళ్ళు తిరగొచ్చు."

"టోపీలో ఉండగా తిరిగితే?"

డాక్టరమ్మ చేతిలోని కాగితాలు మడతపెట్టారు.

"మీ దగ్గర మాత్రలెన్ని?"

"నాలుగు వందలు," అన్నాను.

"బోటు ఎప్పుడొస్తదో తెలీదు. తుపాను పడితే నెల ఆగుద్ది. ఉన్నవాటిని పంచేస్తే ఆ ఐదుగురు పెద్దోళ్ళకి నేనేం చెప్పను? పై నుంచి అనుమతి రానీండి. అప్పటిదాకా ఒద్దు."

బయటికొచ్చాక డాక్టరమ్మ కూడా అదే అన్నారు. పళ్ళెంలో పనిచేసింది మనిషిలో పనిచేస్తుందని రాసివ్వలేను, చెప్పకుండా ఎవరికీ ఇవ్వొద్దు, అనుమతి రానీ. నేను సరేనన్నాను.

ఇంటికొచ్చి చూస్తే అక్క స్టవ్ మీద నుంచి పాలగిన్నె ఒట్టి చేత్తో దించుతోంది.

ఆశ్వయుజం 14

అక్క పెరుగన్నంలో ఒక మాత్ర నూరి కలిపాను.

ఇది ఎవరికీ చూపించే పుస్తకం కాదు కాబట్టి రాస్తున్నాను. అడిగితే అక్క ఒద్దనేది. కళ్ళు తిరిగితే పలకలు ఎవరు చూస్తారనేది. అందుకే అడగలేదు.

ఆశ్వయుజం 17

నాలుగు రోజులు. అక్క బీపీ తొంభై రెండు బై యాభై ఎనిమిది. బీపీ పుస్తకంలో నూరు అని రాశాను. మంచం మీద నుంచి లేచేటప్పుడు గోడ పట్టుకుంటోంది. "వయసొస్తంది నాకు," అని నవ్వింది. మజ్జిగలో ఉప్పు ఎక్కువ వేసి ఇచ్చాను.

వార్డులో ఆరుగురికీ ఒళ్ళు తుడిచాను. పరిమళ కళ్ళు తెరిచే ఉంటాయి. ఆమె చెవి దగ్గర చిటిక వేస్తే చూడదు. బయట పెద్ద అల వస్తే, అది గోడని తాకడానికి ఒక క్షణం ముందు, ఆరుగురి భుజాలూ బిగుసుకుంటాయి.

ఆశ్వయుజం 19

పదకొండింటికి కావలి గది గంట మోగింది.

నేను వెళ్ళేసరికి అక్క కుర్చీలోంచి పక్కకి వాలిపోయి ఉంది. టోపీ ఇంకా తల మీదే ఉంది. నాడి దారంలా ఆడుతోంది. డాక్టరమ్మ, నేను కలిసి కింద పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పట్టుకున్నాం. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై పలకలకి కావలి లేదు. ఆటు పోటుకి తిరుగుతున్న వేళ.

నాంచారయ్య బాబాయి పక్క కుర్చీలో ఉన్నాడు. ఆయనకి తన మూడు పలకలున్నాయి. "ఆ మూడూ నాకు కలపండి," అన్నాడు. ఆరు పలకలు ఒక మనిషి మోయడం ఎప్పుడూ జరగలేదు. మల్లేశ్వరరావు గారు వద్దన్నారు. "కలపండి ముందు!" అని బాబాయి అరిచాడు. కలిపారు. బాబాయి మెడ నరాలు తాళ్ళలా లేచాయి.

"పంతొమ్మిదిలో ఉంది. అడుగు నుంచి రెండు మీటర్లెత్తున. ఇప్పుడే తడి లోపలికొచ్చింది."

మనుషులు పరుగెత్తారు. వాళ్ళు చేరేసరికే నీళ్ళు పిచికారీలా కొడుతున్నాయి. సంచులు వేసి, ఉక్కు రేకు బిగించేలోపు కింది వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. రేకు జారి మల్లేశ్వరరావు గారి ముంజెయ్యి విరిగింది. ఇంకెవరికీ ఏమీ కాలేదు. కావడానికి ఎంతో దూరం లేదు.

నాంచారయ్య బాబాయి నాలుగు గంటలు అలాగే కూర్చున్నాడు. టోపీ తీసినప్పుడు ఆయన్ని అడిగాను, "బాబాయ్, చెయ్యి తెలుస్తోందా?" అని. గిల్లి చూశాను.

"అబ్బా! గిల్లుతావేంటమ్మాయ్?" అన్నాడు.

నేను అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. అక్కడే అందరి ముందూ చెప్పేశాను, పెరుగన్నంలో ఏం కలిపానో.

ఆశ్వయుజం 20

అక్క మాట్లాడటం లేదు. సాయంత్రం డాక్టరమ్మ వచ్చి వెళ్ళాక గోడ వైపు తిరిగి పడుకునే అంది.

"గోడ నన్నడక్కుండా నా ఒంట్లోకి వచ్చింది. నువ్వూ అట్టాగే వచ్చావా?"

"అక్కా, నిన్ను వార్డులో ఏడో మంచం మీద చూడలేక..."

"నా పలక కింద ఎన్ని ఇళ్ళున్నయ్యో నీకు తెల్సు. అడిగుంటే టోపీ తీసేదాన్నేమో. అడిగావా? తీస్తానో లేదో నన్ను తేల్చుకోనిచ్చావా?"

"అడగలేదు," అన్నాను.

ఆశ్వయుజం 22

విచారణ మందుల గదిలోనే జరిగింది. మల్లేశ్వరరావు గారు చెయ్యి మెడలో కట్టుకుని వచ్చారు. నా తాళాలు తీసుకుని డాక్టరమ్మకిచ్చారు. నేను చేసింది రాసుకున్నారు. తుపాన్ల తర్వాత పై అధికారులు చూస్తారన్నారు. వేరే కాంపౌండరు లేడు కాబట్టి పని మాత్రం చెయ్యమన్నారు.

అప్పుడు నాంచారయ్య బాబాయి లేచాడు. మిగతా నలుగురు పెద్దవాళ్ళూ ఆయన వెనకాలే ఉన్నారు.

"ఆ నాలుగొందల మాత్రలూ ఎవరియ్యి? మాయి. మేం చెబుతున్నాం, పంచండి. పిల్లల్ని ఒక్కొక్కర్నీ అడగండి, ఒప్పుకున్నోళ్ళకే ఇవ్వండి. బోటు రాకపోతే మా సంగతి మేం చూసుకుంటాం."

"బీపీ పెరిగితే పక్షవాతం రావచ్చు బాబాయ్," అన్నారు డాక్టరమ్మ.

"వస్తే ఒక చెయ్యి పోద్ది. వీళ్ళకి ఒళ్ళే పోతంది గదమ్మా. మొన్న ఆరు పలకలు మోసినా నా నెత్తికేం కాలేదంటే ఎందుకని కాలేదు? ఆ మాత్రేగా. అది నేనొక్కణ్ణే మింగి కూర్చోనా?"

మల్లేశ్వరరావు గారు తన పేరుతోనే కాగితం రాసిచ్చారు, అనుమతి కోసం ఆగకుండా.

నేను ఇచ్చిన మాత్ర నిండు మోతాదు. డాక్టరమ్మ పావు మాత్రతో మొదలుపెట్టారు. వంతు ఎనిమిది గంటల నుంచి ఐదుకి తగ్గించారు. కుర్చీలో ఉండగా అరగంటకోసారి బీపీ చూడాలన్నారు. ఇరవై ఇద్దరినీ విడివిడిగా అడిగాం. పంతొమ్మిది మంది ఒప్పుకున్నారు, ముగ్గురు ఒద్దన్నారు. ఒద్దన్నవాళ్ళకి ఇవ్వలేదు.

ఒప్పుకున్నవాళ్ళలో ఆఖరి మనిషి అక్క. డాక్టరమ్మ ఆమెతో, మాత్ర వేసుకో, కాని టోపీ ఇంక ఒద్దు అన్నారు.

పోయేటప్పుడు నా చర్మం నుంచి చిటికెడు తీయమని డాక్టరమ్మనడిగాను. ఎందుకని ఆమె అడగలేదు. తీశారు.

కార్తీకం 6

తుపాను పొద్దున తొమ్మిదింటికి గోడ మీదికి వచ్చింది. పగలే అయినా దీపాలు పెట్టుకున్నాం. ఒద్దన్న ముగ్గురిలో ఒకతను, సుబ్బారాయుడు, మూడు రోజుల క్రితం ఏడో మంచం మీదికి వచ్చాడు. మిగతా ఇద్దరూ ఆ సాయంత్రమే వచ్చి మాత్రలు తీసుకున్నారు. కుర్చీలు పదకొండు, వంతు మారడానికి మనుషులు చాలడం లేదు. పంతొమ్మిదో పలక అతుకు మీద అల నేరుగా కొడుతోంది. దాన్ని పదకొండేళ్ళు మోసిన మనిషి తప్ప ఇంకెవరికీ ఆ అతుకు పూర్తిగా తెలియదు.

అక్క వచ్చి డాక్టరమ్మ ముందు నిలబడింది. "ఒక్క వంతు. ఇదే ఆఖరు. నేనే అడుగుతున్నా. ఏం పోద్దో తెలిసే అడుగుతున్నా."

డాక్టరమ్మ నా వైపు చూశారు. నేను అక్క వైపు చూశాను.

"నన్ను అడగొద్దు," అన్నాను. "అక్క చెప్పింది కదా."

ఐదు గంటలు. అరగంటకోసారి పట్టీ బిగించాను. తొంభై ఎనిమిది. తొంభై ఆరు. నూట రెండు. ఉప్పు వేసిన మజ్జిగ గొట్టంతో తాగించాను. అక్క కళ్ళు మూసుకుని ఉంది. గోడని ఎక్కడెక్కడ నొక్కి పట్టాలో ఒక్కో చోటూ చెబుతోంది. రెండింటికి ఒక అల వచ్చింది, గది నేల కదిలింది. పక్క వార్డులో ఏడుగురూ ఒకేసారి అరిచారు. మాట కాదు, ఒకే శ్రుతిలో ఒక శబ్దం. అదే క్షణంలో అక్క నోరు కూడా తెరుచుకుంది.

నేను ఆమె కుడి చేతిని పట్టుకున్నాను. "అక్కా, నిన్ను పట్టుకున్నది ఎవరి చెయ్యి?"

అక్క వేళ్ళు నా వేళ్ళ మీద కదిలాయి.

"నీదే," అంది. "గట్టిగా పట్టుకోమాక. నొప్పి."

నోరు మూసుకుంది. శబ్దం రాలేదు. నాలుగున్నరకి గాలి తిరిగింది. అక్క తనే టోపీ తీసి బల్ల మీద పెట్టింది.

కార్తీకం 28

ఇవాళ బోటు వచ్చింది. రెండు వేల మాత్రలు. మా దగ్గర పదకొండు మిగిలి ఉన్నాయి. గత ఆరు రోజులూ పెద్దవాళ్ళు ఐదుగురూ సగం మాత్రలే వేసుకున్నారు. నాంచారయ్య బాబాయికి నూట డెబ్బై దాటింది, తలనొప్పితో కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. ఇవాళ నిండు మాత్ర చేతిలో పెడితే చూసి, "దీనికి రుచి కూడా పెట్టుంటే బాగుండేది," అన్నాడు.

సుబ్బారాయుడి తర్వాత ఎవరికీ గోడ పట్టలేదు. ఇదే మందని డాక్టరమ్మ ఇంకా అనరు. ఇంకో ఏడాది చూడాలంటారు. కాని రోజూ పొద్దున పళ్ళేల పెట్టె తెరిచేటప్పుడు ఆమె పెదవులు కదులుతుంటాయి.

అక్క ఎడమ చెయ్యి తిరిగి రాలేదు. రాదు. మణికట్టు దాకా ఉన్నది ఇప్పుడు మోచేయి దాకా పోయింది. ఆ ఒక్క వంతులో పోయింది. వార్డులో పనికి చేరింది. మంచాల మధ్య నడుస్తుంటే ఆమె ఊపిరి వింటాను. వాళ్ళది ఒకటి, ఆమెది వేరు.

నాతో మామూలుగా మాట్లాడుతోంది. అన్నం మాత్రం తనే వడ్డించుకుంటుంది. నేను కలిపి పెడితే తినదు.

మార్గశిరం 9

నా కణాలు తట్టుకున్నాయి. ఇవాళ నా మొదటి వంతు, అక్క కుర్చీలో. పొద్దున నూట ఎనిమిది బై డెబ్బై. అందరిలాగే పావు మాత్ర వేసుకున్నాను.

టోపీ తగిలిన వెంటనే చలి. తర్వాత బరువు, వీపంతా. ఇంత బరువుని అక్క పదకొండేళ్ళు మోసి, ఇంటికొచ్చి ఉల్లిపాయలు తరిగింది. సముద్రం ఒక చోట ఆగదు, ఒంటి మీద అటూ ఇటూ ఒత్తిగిలుతుంది. కాసేపటికి నేనూ అలతోనే ఊపిరి తీస్తున్నానని తెలిసి భయపడి ఆపాను. మళ్ళీ నా ఊపిరి నేను తీశాను. ఇది రోజూ చెయ్యాల్సిన పని అని అర్థమైంది.

నాలుగింటికి, ఊరి వైపున, పంతొమ్మిదో పలక పొడి ముఖం మీద, నా రొమ్ము ఎత్తున అనిపించే చోట వెచ్చదనం తగిలింది. ఒకటి, రెండు, నాలుగు. పద్నాలుగు మచ్చలు. ముందు పగులేమో అని నోరు తెరవబోయాను. పగులు చల్లగా ఉంటుంది. ఇవి అరచేతులు.

అక్క ఈ మధ్య వార్డు వాళ్ళని ఎండపూట గోడ దగ్గరికి తీసుకెళ్తోంది. వరసగా నిలబెట్టి చేతులు ఆనిస్తే వాళ్ళు నెమ్మదిస్తారని కనిపెట్టింది. ఏడుగురి చేతులు. అవతల సముద్రం, ఇవతల వాళ్ళు, మధ్యలో నేను. వాళ్ళు నన్ను తోయడం లేదు, తట్టడం లేదు. ఊరికే ఆనుకుని ఉన్నారు. నేనెవరో వాళ్ళకి తెలుసని అనిపించింది. ఇంకో గంట వంతు ఉండగానే లేచి పారిపోవాలనిపించింది.

అప్పుడు పదిహేనోది తగిలింది. ఒకటే చెయ్యి. ఎడమది. మిగతావాటికి కాస్త దూరంగా, జంకుతూ.

ఇంటికి వచ్చాక చెప్పాను. అక్క కంచం ముందు కూర్చుని ఉంది.

"నువ్వు కూడా చెయ్యి పెట్టావు కదూ?"

"తెలిసిందా నీకు?" గబుక్కున చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది, తప్పు చేసినట్టు. "ఎట్టా ఉందో చూద్దామని పెట్టా. నాకు మామూలుగానే ఉంది. తడిగా, చల్లగా."

"చల్లగా లేదక్కా. వెచ్చగా ఉంది."

"నా ఎడం చెయ్యా?"

"ఊ."

"వెచ్చగా ఉందా?"

"అందరికంటే వెచ్చగా ఉంది."

అక్క ఆ చేతిని కుడి చేత్తో ఎత్తి దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది, ఎవరో ఇచ్చి వెళ్ళిన వస్తువుని చూసినట్టు. చాలాసేపు చూసింది. తర్వాత కంచం నా వైపు జరిపింది.

"ఈ చెయ్యి పట్టుకుని కలపటం కుదరటంలేదు. నువ్వే కలిపి పెట్టు," అంది.

కలిపి పెట్టాను. తింది.

"రేపూ గోడకి చెయ్యి పెడతా. చూసి చెప్పు."